గుండుసున్న

కృష్ణపట్నం పోర్టు గేటు కాడ టీకొట్టులో
నన్ను కాగితాల పెంచలయ్య అంటారు.
సరుకును నేను చూసేది తక్కువ.
ఓడ పేరు, కంటైనర్ నంబరు, సీలు నంబరు,
ఏ దేశంలో పుట్టింది, ఎంతకు కొన్నారు, సుంకమెంత,
సంబంధం మాట్లాడే ముందు
ఇంటిపేరు, గోత్రం అడిగినట్టు
అన్నీ రాసిస్తే గాని
సముద్రం దిగిన వస్తువు ముత్తుకూరు రోడ్డెక్కదు.

మొన్న కొలంబో మీదుగా వచ్చినాయి
ఇస్కపల్లి హేచరీకి ఆర్టీమియా గుడ్లు.
అరవై పెట్టెలు, పెట్టెకు పది డబ్బాలు.
రాత్రి కరెంటు పోతా వస్తా ఉంటే
నిద్రకళ్ళతో బిల్ ఆఫ్ ఎంట్రీలో
పెట్టెల గడిలో ఆరువందలని కొట్టినా.
ఒక్క సున్న.

ఓడవాళ్ళ జాబితాలో అరవై.
మిగతా అయిదువందల నలభై యాడ?
అని కంప్యూటర్ ఆగిపోయింది.
లేని పెట్టెలు లేవని రుజువు చెయ్యడానికి
మూడు ఉత్తరాలు, ఒక స్టాంపు పేపరు, దిద్దుబాటు ఫీజు,
చెన్నైలో ఫోనెత్తని ఒక మనిషి.

లారీ కదిలితే కిరాయి,
పెట్టె కదలకపోతే డెమరేజ్.
ఈ రేవులో ఊరికే నిల్చునే హక్కు
కొంగలకొక్కటే.

గంటకోసారి పామంజి పోలయ్య ఫోను:
"అబ్బయా, పిల్ల మైసిస్‌కొచ్చింది.
నాచు తినే ఈడు దాటిపోయింది.
రేప్పొద్దుటికి మేత పడకపోతే
ఒకదాన్నొకటి కొరుక్కుంటాయి.
మీ ఆఫీసరుకు ఆకలని చెప్పు."

ఆకలికి గడి లేదు పోలయ్యా,
ఫారమంతా వెతికినా.
విలువకుంది. బరువుకుంది. బీమాకుంది.

మూడోనాడు పరీక్ష.
రేకుల షెడ్డులో ఉడుకు.
సీలు తెగిన చప్పుడు చిన్నదే,
నాకు మాత్రం చెవుల్లో మోగింది.
బిశ్వాల్ సారు ఒక డబ్బా కోయించి
అరచేతిలో చిటికెడు పోసుకున్నాడు.
కాఫీపొడి రంగు. గసగసాలకన్నా సన్నం.

"ఇవి బతికున్నాయా, చచ్చినాయా?"

బతికున్నవాటికొక లెక్క, కానివాటికొక లెక్క.
ఇరవైరెండేళ్ళుగా
ఏ ప్రశ్నకైనా నంబరుతో జవాబు చెప్పినవాణ్ణి,
నాలిక మీద ఎనిమిదంకెలు పెట్టుకోని కూడా
"నిద్రపోతుండాయి సార్" అన్నా.

ఆయన నవ్వలేదు.
చేతిని చాలాసేపు చూసుకున్నాడు.
ఆ చిటికెడు కాగితంలో మడిచి,
"ఎట్టా లేపేది?" అన్నాడు.
ఉప్పునీళ్ళు, గాలి, వెలుతురు, ఒక రోజు.
సంతకం పెట్టినాడు.

లారీ కోవూరు దాటి అల్లూరు మలుపు తిరిగేసరికి
చీకటి పడింది.
తెల్లారి పోలయ్య ఒకే మాట:
"మూడు తొట్లలో ఒకటి పోయింది. రెండు నిలబడ్డాయి."
తిట్టలేదు.
తిట్టినా బాగుండేది.

ఆ సాయంత్రం బిశ్వాల్ సారు పిలిపించినాడు.
కిటికీలో నీళ్ళబాటిలు,
సగం సముద్రపునీళ్ళు,
యాడ తెచ్చినాడో చేపలతొట్టి గాలిగొట్టం.
దగ్గరికి పోయి చూస్తే
పైన తేలతా ఖాళీ పెంకులు,
గుండ్రంగా, అన్నీ సున్నలే.
కింద నారింజరంగు నలుసులు
ఎగిరెగిరి ఈదతా
వెలుతురున్న పక్కకే పోతున్నాయి.

"పెంచలయ్యా, ఇప్పుడివి ఏ గడిలోకొస్తాయి?"

చెప్పలేదు. టీ చల్లారిపోయింది.

దిద్దుబాటు ఫీజు నా జీతంలో పట్టుకున్నారు.
రసీదు మీద సున్నలు
రెండుసార్లు లెక్కబెట్టుకోని
జేబులో పెట్టుకున్నా.