పేజీ అయిపోయిందని

హెల్తెర్మా రేవులో ఓడ దిగేసరికి
వానా కాదు మంచూ కాదు, రెంటికీ చెడ్డదేదో పడుతోంది.
సంచిలో వైర్ల చుట్ట, రెండు ఫ్లాపీలు,
పొగబెట్టిన చేప ఇరికించిన రై రొట్టె.

ఉన్ని మిల్లు ఆఫీసులో కంప్యూటరు
మా పెద్దదానికంటే రెండేళ్ళు పెద్దది.
విండోస్ తొంభై ఎనిమిది.
కాపరులు తెచ్చిన ఉన్ని తూచి, తరుగు తీసి, చీటీ రాసే ప్రోగ్రాము
ఇందులో తప్ప ఇంకెందులోనూ నోరు విప్పదు.
దాన్ని రాసినాయన టార్టులో తేనెటీగలు పెంచుకుంటున్నాడు.
ఫోన్ చేస్తే నవ్వి పెట్టేశాడు.

పోయిన మంగళవారం దాకా దీనికో తోడుండేది:
సూదులతో పొడిచి పొడిచి రాసే ప్రింటరు,
అంచుల్లో చిల్లులున్న ఎడతెగని కాగితం.
"అది అరవకపోతే
నాకు కాఫీ వేళ తెలియడం లేదు" అంటుంది మైము.
ఆమె గుండీలకి కూడా ఉన్ని జిడ్డు వాసన.

కొత్తది కిటికీ పక్కన కూర్చుంది
తెల్లగా, చుట్టపుచూపుగా వచ్చినట్టు.
దానికి నెట్‌వర్క్ చిరునామా తప్ప తెలియదు.
దీనికి ఎల్పీటీ ఒకటి అనే గుమ్మం తప్ప తెలియదు.
మూడడుగుల దూరం.

నడుమ పెళ్ళిళ్ళ పేరయ్యలా ఒక చిన్న పెట్టె పెట్టాను,
ఇటు పాత మర్యాదలూ అటు కొత్త మర్యాదలూ తెలిసినది.
ప్రింటరుకి ఒక పేరు కావాలంది.
పన్నెండక్షరాలు దాటితే పాతదాని కంటికి ఆనదు.
మైము అని పెట్టాను.
"నేనింకా బతికే ఉన్నానుగా" అంది ఆవిడ,
కానీ తీసెయ్యమనలేదు.

నల్లతెర తెరిచి ఒక్క వరుస కొట్టాను.
ఆజ్ఞ విజయవంతంగా పూర్తయింది, అంది తెర.
కాగితం మాత్రం రాలేదు.

కేబులు ఊడదీసి పెట్టాను. డ్రైవరు మార్చాను.
ఆపి, మొదలుపెట్టి, ఆపి, మొదలుపెట్టి
నీలి ఆకాశంలో మబ్బులు నాలుగుసార్లు చూశాను.
గుమ్మంలో ఎండెల్, నలభై ఒక్క కిలోల ఉన్నితో,
చీటీ లేకుండా డబ్బు రాదు,
మూడున్నర ఓడ దాటితే మళ్ళీ రాత్రికే.
ఏమీ అనడు. టోపీ తీస్తాడు, పెట్టుకుంటాడు.

కొత్త ప్రింటరు మీద నారింజ దీపం
వెలుగుతోంది, ఆరుతోంది.
దాన్నప్పుడు సరిగ్గా చూశాను.
చెడిపోయిన దీపం కాదది, ఎదురుచూస్తున్న దీపం.
నాలుగు వరుసలూ ఎప్పుడో అందాయి దానికి.
పేజీ అయిపోయిందని ఎవరైనా చెబుతారని
పట్టుకు కూర్చుంది.

ప్రోగ్రాము ఏనాడూ ఆ మాట చెప్పలేదు.
అవసరం పడలేదు.
నాలుగు వరుసలు పడగానే
మైము చెయ్యి వెళ్ళి, స్టీలు బద్ద ఆనించి, సర్రున చింపేది.
ఇన్నేళ్ళూ సాఫ్టువేరులో ఒక ముక్క
ఆవిడ మణికట్టులో ఉంది.
టార్టు పెద్దమనిషి అది లెక్కేసుకున్నాడో,
మరిచిపోయాడో.

ఒకే ఒక్క అక్షరంతో ఫైలు చేశాను,
కాగితాన్ని బయటికి తోసే అక్షరం.
తెరిచి చూస్తే ఖాళీ.
తెర మీద దానికో బొమ్మ పెట్టి, చీటీ అయ్యాక నొక్కమన్నాను.
"ఇందులో ఏముంది?"
"ఏం లేదు. అయిపోయింది అని ఉంది."

నొక్కింది.
చప్పుడే లేకుండా నిండు కాగితం జారి వచ్చింది,
తలమీద నాలుగు వరుసలు, కింద అంతా మంచు.
ఆవిడ దాన్ని బల్లమీద పరిచి
బద్ద ఆనించి
సర్రున చింపి
పై ముక్క ఎండెల్‌కి ఇచ్చింది. అతను పరుగు.

మిగిలిన తెల్లముక్క నా ముందుకు తోసి, పెన్సిలు తీసింది.
"ఆ నల్లతెర వరుస చెప్పు. నువ్వు రాని రోజుకి."
అక్షరం అక్షరం చెప్పాను, వాలుగీతల దగ్గరికొచ్చేసరికి
ఎటు వాలాలని అడిగింది.
కిటికీలోంచి చూపించాను:
రేవు గాలికి గడ్డి వాలింది చూడు, అలా.
రెండు గీతలు, పెట్టె పేరు, మళ్ళీ ఒక గీత,
చివర తన పేరు తనే రాసుకుని
కీబోర్డు కిందికి తోసింది.