మూడు కొవ్వొత్తులు

గొట్టాన్ని కొరకొద్దు, పెదాలతో మూయండి అంటాను.
ముక్కుకి క్లిప్పు పెడతాను.
తెరమీద కేకు బొమ్మ, ఎనిమిది కొవ్వొత్తులు.
పిల్లల కోసం పెట్టిందే గానీ
పెద్దవాళ్ళూ దాన్ని చూసే ఊదుతారు.
ఊదండి, ఊదండి, ఇంకా, ఇంకా, ఇంకా
అని రోజుకి పద్నాలుగు సార్లు అరిచే ఉద్యోగం నాది,
అలబామాలో, మొబైల్ రేవులో, ఆస్పత్రి రెండో అంతస్తులో.

ఊదే ముందు గడులు నింపాలి.
వయసు. ఎత్తు. ఆడా, మగా.
తర్వాత, జాతి.
అది ఖాళీగా వదిలితే మిషను ముందుకి కదలదు.
నల్లవారు అని నొక్కితే
వందకి పదిహేను పాళ్ళు
చడీచప్పుడు లేకుండా ముందే తీసేసుకుంటుంది.
వీళ్ళ ఊపిరితిత్తులు పుట్టుకతోనే చిన్నవట.
ఎవరు కొలిచారో, ఏ పత్తితోటలో,
ఏ కొరడా ముందు నిలబెట్టి కొలిచారో
మాన్యువల్‌లో లేదు.
పందొమ్మిదేళ్ళుగా నొక్కుతున్నాను.
నా వేలిదీ అదే రంగు.

ఓడెల్ పెట్‌వే, అరవై మూడు.
ఓడల కడుపుల్లో పైపులకి
తెల్లటి దూది లాంటిది చుట్టిన మనిషి, ముప్పై ఒక్క ఏళ్ళు.
ఇంటికొచ్చాక జుట్టులోంచి ఆ పొడి రాలుతుంటే
పిల్లలు మంచు, మంచు అని గెంతేవారని
భార్య అర్నెటా చెప్పింది, నవ్వుతూనే.
మార్డీ గ్రా ఊరేగింపులో ట్రాంబోన్ వాయించేవాడు.
ఇప్పుడది మంచం కింద ఉంది.
రెండు మెట్లెక్కి, మూడో మెట్టు దగ్గర
లేసు కట్టుకుంటున్నట్టు వంగుతాడు,
లేసుల్లేని షూలకి.

నాలుగుసార్లొచ్చాడు. నాలుగుసార్లూ
అంతా మామూలే అంది కాగితం.
ఊపిరి బాగుంటే మరి జబ్బెక్కడ?
మనసులో అన్నారు.
నిద్రకో మాత్ర, దిగులుకో మాత్ర.
కంపెనీ వాళ్ళు పరిహారం ఫైలుకి రబ్బరు బ్యాండు వేసి పక్కన పెట్టారు.
ప్రార్థనలో లోపమేమో చూసుకోమన్నారు చర్చిలో.
నీకు దమ్ము లేదు, పనిదొంగవి అన్నాడు తమ్ముడు.
అన్నిటిలోకీ, దమ్ము లేదన్న ముక్కే
కాస్త నిజానికి దగ్గర.
మెల్లగా ఆయనా నమ్మాడు.
'నేనే లేనిపోనిది ఊహించుకుంటున్నానమ్మా' అన్నాడు నాతో.
అంత చిన్న మాటలో
రెండుసార్లు ఆగాడు, గాలి కోసం.

ఐదోసారి, మొన్న మంగళవారం.
ఊది, చెమట తుడుచుకుని, బయట బల్లమీద కూర్చున్నాడు.
గదిలో నేనొక్కదాన్నే.
గడి మీద వేలు పెట్టి
తెల్లవారు అని మార్చాను.
మనిషి మారలేదు. ఊదిన గాలి మారలేదు.
గొట్టంలో ఆయన తడి ఇంకా ఆరనే లేదు.
ఎనభై నాలుగు కాస్తా డెబ్బై ఒకటైంది.
మామూలు కాస్తా జబ్బైంది.

మా తాత చెప్పేవాడు,
పత్తి తూచే షెడ్డులో రెండు జతల రాళ్ళుండేవని.
మనం తెచ్చింది తూచడానికి ఒక జత,
మనకిచ్చేది తూచడానికి ఇంకో జత.
ఆ దొంగరాళ్ళు చివరికి ఏమయ్యాయో అనుకునేదాన్ని.

రెండు కాగితాలూ తీసి ఆయన ఒళ్ళో పెట్టాను.
ఉద్యోగం పోతుందేమోనని చేతులు వణికాయి, దాచను.
చాలాసేపు చూశాడు.
కళ్ళజోడు తీశాడు, తుడిచాడు, మళ్ళీ పెట్టుకున్నాడు.
అరుస్తాడనుకున్నాను.
'అయితే నాకు పిచ్చి లేదన్నమాట' అన్నాడు.

జబ్బుందని తెలిసి
ఒక మనిషి అంత తేలికపడటం ఎప్పుడూ చూడలేదు.
ఇంకోసారి చూడాలనీ లేదు.

కాగితాలు మడిచి టోపీలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.
మెట్ల దగ్గర వంగాడో లేదో
తలుపు అడ్డమొచ్చి కనపడలేదు.
తెరమీద కేకు అలాగే ఉంది.
ఐదు ఆరాయి, మూడు వెలుగుతున్నాయి.
ఏ గడి నొక్కినా మూడే.
ఇన్నేళ్ళూ అంకెలు చూశాను గానీ
వాటి వంక చూడలేదు.

తర్వాతి మనిషి లోపలికొచ్చి కూర్చుంది.
వయసు చెప్పింది. ఎత్తు చెప్పింది.
మిషను తర్వాతి గడి అడుగుతోంది.