గోతాల సందు లైను

రిటైరై తొమ్మిదేళ్ళయ్యాక
మున్సిపాలిటీ జీపు మా గుమ్మం ముందు ఆగింది.
"బాబాయ్, డబుల్ రోడ్డు మధ్యలో నీళ్ళు ఊరుతున్నాయ్,
పైపు ఎక్కడుందో మ్యాపులో లేదు" అన్నాడు కొత్త ఏఈ కుర్రాడు.

మ్యాపులో గోతాల సందే లేదు,
ఇంక పైపెక్కడ ఉంటుంది.

తీసుకెళ్ళి నిలబెట్టారు.
అటు కార్ల షోరూము, ఇటు అద్దాల ఆసుపత్రి.
గుంటూరు ఎండకి తారు కరిగి చెప్పుని పట్టుకుంటోంది.
కాసేపు ఏమీ తోచలేదు.
కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకుని నడిచాను.

ఇక్కడ సామ్రాజ్యం అరుగు.
పొద్దంతా యార్డులో మిరప తొడాలు తీసి
రాత్రుళ్ళు చేతులు మండి నిద్రపట్టక
నాలుగింటికి నేను కీ తిప్పేదాకా
కుళాయి కింద అరచేతులు చాపుకుని కూర్చునేది.
మొదట వచ్చేది తుప్పు నీళ్ళు, ఎవరూ పట్టరు.
ఆమె వాటికోసమే కూర్చునేది.

ఇంకో నాలుగడుగులు. నాగూర్‌బీ.
చిరిగిన గోతాలకి మాసికలేస్తూ
దబ్బనం పళ్ళమధ్య పెట్టుకునే నన్ను తిట్టేది,
రోజూ ఐదు నిమిషాలు ఎగ్గొడుతున్నానని.
ఎగ్గొట్టిన మాట నిజం.
పై వీధి మేడలవాళ్ళు నెలకింతని ఇచ్చేవాళ్ళు.
ఇప్పుడు చెప్తున్నా. అప్పుడు చెప్పలేదు.

ఎదురిల్లు హమాలీ ఇశ్రాయేలుది.
బస్తాలు మోసి మోసి కాయకట్టిన మెడని
పిల్లలు వేళ్ళతో నొక్కి ఆడుకునేవాళ్ళు.
రోడ్డు వెడల్పుకి కొలతలేసిన రోజు
ఎర్ర గీత వాళ్ళ పొయ్యి మీదుగా పోయింది.
"ఇది మిరప ఎరుపు కాదులే, కడిగితే పోదు" అని నవ్వాడు.

ఊరవతల మూడో అంతస్తులో ఇళ్ళిచ్చారట.
సామ్రాజ్యం ఆ మెట్లెక్కిందో, ఎక్కకముందే పోయిందో
తెలీదు. కనుక్కోలేదు.

"ఇక్కడ తవ్వండి" అన్నాను.
డివైడరు గన్నేరు వేళ్ళ కింద, నడుంలోతున,
ఇత్తడి కుళాయి.
కారకుండా ఎవరో చుట్టిన నైలాను చీరపేలిక
ముడి ముడిగానే ఉంది.

కుర్రాడు ప్లగ్గు చేతికిచ్చాడు.
"ఐదు నిమిషాలాగు బాబూ."
"ఎందుకు బాబాయ్?"
"బాకీ."

ముడి విప్పాను.
తుప్పు నీళ్ళు రోడ్డు మీదుగా
షోరూము మెట్లదాకా పోయాయి.
ఎవరూ పట్టలేదు.