కేస్ పేపర్

సిరొంచ సర్కారు దవాఖానల నా పని
ఐదు రూపాయలు తీసుకొని కేస్ పేపర్ రాసుడు.
పేరు, ఊరు, వయసు.
వయసు ముసలోళ్లకు తెలవదు,
"పెద్ద వరదొచ్చిన ఏడు పుట్టిన" అంటరు.
నేనే ఒక అంకె వేస్త.

ఇంకో పని ఉన్నది, దానికి జీతం లేదు.
తెలుగు విని మరాఠీల చెప్పాలె.
ఖోబ్రాగడే మేడం మరాఠీ విని ఇంగ్లీషుల రాస్తది.
రెండు ఏర్లు దాటి మాట కాగితం ఎక్కేసరికి
తడిసిందో, కొట్టుకపోయిందో
ఎవరు చూసిండ్రు?

మంగళవారం దుర్గం లచ్చుబాయి వచ్చింది.
స్టూలు మీద కూసోని, కొంగు బిగించుకొని
"కడుపు మండుతాంది బిడ్డా" అన్నది.
నేను చెప్పిన. మేడం రాసింది.
తలకిందులుగ చదివే అలవాటు నాకు:
హార్ట్‌బర్న్.

హార్ట్ అంటే గుండె, బర్న్ అంటే మంట.
మేడం, ఈమె గుండె అనలేదు, కడుపన్నది.
మేడం నవ్వింది.
"అది కడుపుదే. పులితేన్పు వస్తే
ఇంగ్లీషోళ్లు గుండె మండిందని రాసుకున్నరు."

మరి మేము
గుండె మండితే కడుపు మండిందంటం,
అనబోయిన.
లైను పెద్దగున్నది. అనలేదు.

"కారం ఎక్కువ తింటదా, అడుగు."
అడిగిన.
లచ్చుబాయి నా మొకం చూసింది, మేడం మొకం చూసింది.
"తినుడు కాదు పిల్లా, ఏసిన.
ఎకరంన్నర మిరప.
కాత మీదుండంగ బ్యాక్‌వాటర్ వచ్చి నిలిచింది.
మూడేండ్లాయె.
ఒడ్డు దాక పోయి చూసి వస్త.
నీళ్లు. అంతే."

ఇది మరాఠీల ఎట్ల చెప్పాలె?
"అవును, కారం తింటది" అని చెప్పిన.
తెల్ల గోలీలు పది. పొద్దున ఒకటి, మాపున ఒకటి.

ఆ రాత్రి నిద్ర రాలేదు.
పిల్లగాని నోట్‌బుక్ వెనక పేజీల రాసుకుంట కూసున్న.
ఇంగ్లీషోళ్లు పొదుపు మనుషులు.
రెండు పాత మాటలు తెచ్చి, కుట్టు కనపడకుంట అతికి
కొత్త నొప్పికి తొడుగుతరు.
హార్ట్‌బ్రేక్: గుండె విరుగుడు, అని రాసిన.
కొట్టేసిన.
విరుగుడంటే మనకు మందు.

మన మాటలేమో ఒంటి మీదనే తిరుగుతయి.
కడుపుకోత. కండ్లమంట. తలవంపు.
దవాఖానల చెప్తే ప్రతిదానికీ ఒక గోలీ ఉంటది.
ప్రాణహిత కూడ అతికిన మాటే.
ప్రాణం ఒకటి, హితం ఒకటి.
అతుకు మీద లచ్చుబాయి చేను.

మల్ల మంగళవారం
మేడం కండ్లు ఉబ్బి ఉన్నయి.
ఆలాపల్లి రోడ్డు తెగింది, సెలవు రాలేదు,
భండారాల వాళ్లమ్మకు జొరం.
"ఏమైంది ఈ పోరికి?" లచ్చుబాయి అడిగింది.
"హోంసిక్" అన్నది మేడం, నా దిక్కు చూడకుంట.
నేను ఉన్నదున్నట్టు చెప్పిన: ఇంటి జబ్బు.
"ఇంటికి జబ్బా? గోడ కూలిందా?"
"కాదవ్వా, ఇల్లు యాదికొచ్చి..."
"ఓ," అన్నది లచ్చుబాయి, "రంది."

ఒక్క మాట. అతుకు లేదు.
మేడం తల ఎత్తింది.
"ఏమన్నది?"
"రంది."
"రంది," అన్నది మేడం. నాలుక కొంచెం తడబడ్డది.
"ఈమెకు కూడ ఉన్నదా?"

అప్పుడు చెప్పిన మిరపచేను సంగతి,
పోయిన వారం మింగింది కూడ.
లైను దర్వాజ దాటి చెట్టు దాక ఉన్నది.
ఎవరో దగ్గుతాండ్రు, ఎవరో తిడుతాండ్రు.
మేడం పెన్ను ఆగింది.
హార్ట్‌బర్న్ కింద, దేవనాగరిల, చిన్నగ
రంది అని రాసింది.
పక్కన మందుల గడి ఖాళీ.
కొంచెంసేపు దాన్నే చూసి
మల్ల అవే తెల్ల గోలీలు రాసింది, పది.

లచ్చుబాయి వాటిని కొంగున ముడేసుకొని
నన్ను పక్కకు పిలిచి అడిగింది:
"ఇవి పనిచేస్తయా పిల్లా?"

"కడుపుకైతే చేస్తయి" అన్న.