ఐదున్నర నెత్తురు

మందు అడుగంటే వేళ మాది.
రాత్రి ఎక్కించిన సీసా ఒళ్ళంతా తిరిగి, తగ్గి తగ్గి,
ఇంకో సీసా తగిలించడానికి అరగంట ముందు
సూది పట్టుకుని నేను పోతాను.
ఒంగోలు ఆస్పత్రి, మూడో అంతస్తు.

కొత్తపట్నంలో మా నాయన రొయ్యల గుంట గట్టున
ఇదే జామున నీళ్ళలో మీటరు ముంచేవాడు.
"పగలు చూస్తే అన్ని గుంటలూ బాగానే ఉంటయ్.
గాలి అడుగంటేది తెల్లారకముందే. అప్పుడు చూడాల."
నా పనీ అంతే.
వాంకోమైసిన్ తక్కువైతే క్రిమి బతుకుద్ది,
ఎక్కువైతే మూత్రపిండాలు పోతయ్.
పదిహేనుకీ ఇరవైకీ నడుమ
ఒక మనిషి ఒత్తిగిలి పడుకునేంత చోటు.

పదమూడో మంచం మాలకొండయ్య.
చీమకుర్తి క్వారీలో క్రేను నడుపుతాడు.
నల్లరాయి చెక్క పాదం కోసింది.
వారం రోజులు పసుపూ, సున్నమూ.
తర్వాత చలి, వణుకు, పొంతన లేని మాటలు.
పుండులోది నెత్తురులోకి పాకింది.
రెండు మందులు పెట్టారు.
ఒకదాని మట్టం నేను కొలుస్తాను.
రెండోది, మెరోపెనెం, కొలవక్కర్లేదన్నారు.

నాలుగో రోజు పదిహేడు వచ్చింది.
జ్వరం దిగింది. వాళ్ళావిడ అంకమ్మ
నా కోటు జేబులో రెండు సపోటాలు వేసింది.

ఆ రాత్రే మంచం ఇనుము గడగడలాడింది.
కళ్ళు తేలేశాడు. నోట్లో నురగ, నురగలో ఎరుపు.
సద్దుమణిగాక ఫైజున్నీసా మేడం అడిగింది,
"ఇంతకుముందు ఎప్పుడన్నా?"
అంకమ్మ గోడకేసి చూసింది.
"వచ్చిన రోజే అడిగాం గదమ్మా,
ఇంటికాడ ఏం బిళ్ళలు వాడతాడని?"

చాలాసేపటికి కొంగు ముడి విప్పింది.
చిల్లర, బస్సు టిక్కెట్టు,
నలిగిపోయిన గులాబీ బిళ్ళల అట్ట.
"పదకొండేళ్ళయింది.
ఫిట్సని తెలిస్తే క్రేను ఎక్కనీరు. అందుకే చెప్పలా.
కానీ ఏశానమ్మా. పొద్దునొకటి, మాపొకటి,
సిస్టరు అటు తిరిగినప్పుడు.
ఒక్క పూట తప్పితే నా కళ్ళు పోతయ్."

మేడం అట్ట మీది పేరు చదివింది: వాల్‌ప్రోయేట్.
కొలవక్కర్లేదన్న ఆ రెండో సీసాను
తన చేత్తోనే ఆపేసింది.

నేను తీసిన గొట్టం ఐసు డబ్బాలో
గుంటూరు బస్సెక్కింది.
మర్నాడు సాయంత్రం ఫోనులో చెప్పారు:
యాభై ఉండాల్సిన చోట ఆరు.

అంకమ్మకి ఎట్టా చెప్పేది?
నువ్వు మింగించిన ప్రతి బిళ్ళా లోపలికి పోయింది,
ప్రాణం నిలబెట్టడానికి వచ్చిన మందే
దాన్ని నెత్తురులో నిలవనీలేదని?
మా నాయన గుంటే గుర్తొచ్చింది.
"నువ్వు మేత వేస్తానే ఉన్నావక్కా,
రొయ్యకి అందలా. అంతే."
"అయితే నేను తప్పలా?"
"తప్పలేదు."
అప్పటిదాకా ఏడవని మనిషి
అప్పుడు ఏడ్చింది.

ఇవాళ మళ్ళీ ఐదున్నర.
ఒక సీసా మారింది, బిళ్ళ మారింది.
చెయ్యి చాపి, సూది దిగేదాకా ఊరుకుని,
గొంతు తగ్గించి అడిగాడు మాలకొండయ్య:
"కాయితంలో రాశారా పాపా? ఫిట్సని?"

కేసు షీటు అతని కాళ్ళ దగ్గరే వేలాడుతోంది.
మేడం ఎర్రసిరాతో రాసింది, పెద్దగా.
రాయకపోతే ఎప్పుడో ఏ ఊళ్ళోనో ఇంకో డాక్టరు
ఇదే సీసా తగిలిస్తాడు.
రాస్తే, క్రేను.

దూది పెట్టి, అతని రెండో చేతి వేలు తెచ్చి
దానిమీద ఉంచాను.
"గట్టిగా అదుముకో అన్నా."
గొట్టం మీద పేరు రాశాను, వేళ రాశాను.
ఐదూ ముప్పై రెండు.