దేవరకొండ బస్సు

ఎల్బీనగర్ల ఎక్కినప్పుడు
నేను పన్ను కట్టే మనిషిని.
ఫిరీ కరెంటెందుకీళ్లకని
పక్క సీటాయనతోని గట్టిగనే అన్న.
ఆయన తలూపిండు, ఫోన్ల నుంచి కన్నెత్తకుండ.

ఇబ్రహీంపట్నం దాటంగ ఇంకో మాట నోటిదాంక వచ్చింది.
అనలే.

మాల్ల బస్సాగింది. సంత రోజు.
గొర్రెపిల్లను సంకనేసుకొని ఒకామె ఎక్కింది.
"నాది జీరో టికెటు,
దీనికెంతనో నువ్వే జెప్పు" అన్నది కండక్టరుతోని.
బస్సంత నవ్వింది. నేను సుత.

చింతపల్లి కాడ ట్రాన్స్‌ఫార్మర్ కింద
నలుగురు గొంతుక్కూసున్నరు, లైన్‌మన్ కోసం.
అండ్ల ఒకడు అచ్చం మా బక్కయ్య చిన్నాయన లెక్క,
వంగని మోకాలు పక్కకు చాపి.
తల తిప్పుకుందామనుకున్న, తిరగలే.

రాత్రి రెండింటికి బోరు కాడ
టార్చి పట్టుకొని నిలబడ్డ.
మోటరు గుర్రుమన్నది, ఆగింది.
నీళ్లకంటె ముందు తిట్టొచ్చింది.
తెల్లారి బడిల, అట్టపెట్టె చాటున
ఆ తిట్టే బటన్ నొక్కింది.

తిరిగొచ్చినంక
సిరా ఆరని వేలుతోనే లిఫ్టు నొక్కిన.
నాలుగో అంతస్తుల నల్లా తిప్పితే
ఉత్త గాలి.
ఈసారి కూడ తిట్టిన,
తిట్టు మాత్రం వేరేటోళ్లను.