ఈకలు రాలే నెల

ఆగస్టు చివర సెవాన్ సరస్సులో
పక్షులు ఫొటోకి పనికిరావు.
మునుగుడు కోళ్ళు జుట్టు సవరించుకుని
నోట నాచు పట్టుకుని, రొమ్మూ రొమ్మూ ఆనించి
నీళ్ళమీద నిలబడేది వసంతంలో.
వసంతమంతా నేను గవార్ నుంచి యెరెవాన్‌కి
వ్యాను తోలాను.
పదిహేను సీట్లు, పద్దెనిమిది మంది, ఒక మేకపిల్ల.
నా వాటాకి ఈ నెల వచ్చింది.

లెన్సు ఎవరో వాడి వదిలేసింది.
అంచున బియ్యపుగింజంత పెచ్చు.
అమ్మినవాడు చెప్పలేదు, నేను అడగలేదు,
ధర చూసి ఇద్దరం అర్థం చేసుకున్నాం.

చీకటితోనే వచ్చి జమ్ములో కూర్చుంటాను,
మోకాళ్ళ కింద టైరు ట్యూబు మడిచి.
తాత రోజుల్లో ఇక్కడిదాకా నీళ్ళేనట.
నేను గొంతుకూర్చున్న చోట
చేపలు తిరిగేవన్న మాట.
ఆ మాట తలుచుకుంటే
దగ్గడానికి మొహమాటమేస్తుంది.

కొండ అంచు తెల్లబడింది.
దూరంగా జక్కవలు.
లెక్కపెట్టాను, పదకొండు.
ఏది దేనికి జంటో చెప్పలేను.
అన్నీ ఒకేలా, ఉతికి ఉతికి వెలిసిన దుప్పట్లలా ఉన్నాయి.
రెక్కల్లో పెద్ద ఈకలన్నీ ఒక్కసారే ఊడిపోయాయి.
కొత్తవి ఇంకా మొగ్గల్లోనే.
ఇంకో మూడు వారాలు ఎగరలేవు.
అందుకే ఒడ్డు జోలికి రావు,
నడినీళ్ళలో,
అక్కడేదో పనున్నట్టు.

అప్పుడు దూకింది వర్దుష్ అవ్వ కుక్క.
చాలో, చాలో, అని గొంతు నొక్కి అరిచాను.
వినలేదు.
జక్కవలు లేచాయి. లేచాయనకూడదు,
లేవబోయాయి.
మొండి రెక్కలు కొట్టుకుంటూ నీళ్ళమీద పరుగు,
తడి గచ్చుమీద చెప్పుల చప్పుడు.
నా వేలు మీటమీదే ఉండిపోయింది.
ఇరవైమూడు ఫొటోలు.

ఇరవైమూడింట్లోనూ నీళ్ళే.
ఎర్రగా ఓ గీత, తెల్లగా నురగ,
ఒక దాంట్లో కుక్క చెవి.

అవ్వ దుకాణం రోడ్డు పక్కన.
పొగబెట్టిన చేపలు తీగకి వేలాడుతుంటాయి,
సీగల్ ఒకటి కప్పుమీద కాపు.
"చూపించు" అంది,
మెడలో తాడుకున్న కళ్ళజోడు ముక్కుమీదికి లాక్కుని.
ఒక్కో ఫొటో దగ్గరా ఆగింది.
నేను ఆగనివి కూడా.

"పన్నెండు" అంది.
పదకొండే అవ్వా.
"ఇదిగో, మూల."
అక్కడ మసగ్గా ఓ మచ్చ.
లెన్సు పెచ్చు అది, ప్రతి ఫొటోలోనూ పడుతుందన్నాను.
"పెచ్చుకి కన్నుంటుందా?"

పెద్దది చేసి చూశాను.
నిజమే. మిగతావన్నీ పరుగెడుతుంటే
ఒకటి మునిగింది.
తల మాత్రం పైన,
ఒక కన్ను, నల్లగా, నావైపే.
అంతసేపూ నన్ను చూస్తూ ఉన్నది అదొక్కటే,
నేను చూడనిదీ అదొక్కటే.

అవ్వ అప్పటికే పనిలో పడింది.
పొయ్యిలోకి వెళ్ళబోయే గాతా రొట్టెలమీద
గుడ్డు సొన పూస్తోంది,
పొడుగాటి నల్ల ఈకతో.
ఎక్కడిదని అడిగాను.
"ఒడ్డున. ఈ నెల్లో కావలసినన్ని."
ఈక అటూ ఇటూ వెళ్ళింది,
రొట్టె అంచుదాకా వెళ్ళి, తేలిగ్గా తిరిగింది,
గాలి దానికింకా గుర్తున్నట్టుంది.
కెమెరా నా మెడలోనే ఉంది.
ఎత్తాలనిపించలేదు.

ఎనిమిదింటికి బండి కదలాలి.
వేడి గాతా ఒకటి కాగితంలో చుట్టి
ముందు సీటుమీద పెట్టింది.
దానికి టికెట్ కొట్టొద్దని
కుక్కని తిడుతూనే చెప్పింది.